వేట అనుమతుల పంపకం: పాయింట్ల లెక్కలోని పొరపాటు

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమభాగంలో కొలరాడో, వయోమింగ్, యూటా, నెవాడా, ఆరిజోనా, ఐడహో మొదలైన రాష్ట్రాలున్నవి. అక్కడ ఏటేటా లక్షలాది ప్రజలు తమ రాష్ట్రపు వన్యమృగ శాఖకో, పొరుగు రాష్ట్రపు శాఖకో దరఖాస్తులు పంపుకుంటారు. రాబోయే వేటకాలంలో ఒకే ఒక పెద్ద మృగాన్ని, ఫలానా ప్రాంతంలో, ఫలానా తేదీల నడుమ వేటాడడానికి అనుమతి కోరుతూ పెట్టుకొనే దరఖాస్తులవి. అనుమతి దొరికినవానికి ఒక చీటీ ఇస్తారు. దానిని వారు ట్యాగు అంటారు. మృగం చిక్కితే ఆ ట్యాగును దాని కళేబరానికి కట్టవలెను. ట్యాగు ఒకటి, మృగం ఒకటి. మన కణితికి దగ్గరి చుట్టమైన ఎల్క్, మ్యూల్ జింక, ప్రాంగ్‌హార్న్, మూస్, పెద్దకొమ్ముల కొండగొర్రె – ఇవి ముఖ్యంగా వారు కోరే మృగాలు. కోరేవారిలో అధికసంఖ్యాకులకు, వారు మొదటగా కోరిన ప్రాంతంలో, ట్యాగు దొరకదు.

మన దేశంలో ఇట్టి వేట ఇప్పుడు లేదు. ఒకప్పుడు అటవీశాఖలవారు అడవిని షూటింగ్ బ్లాకులుగా విభజించి పర్మిట్లు ఇచ్చేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, దానికి 1991లో జరిగిన సవరణా ఆ ముచ్చటకు స్వస్తి చెప్పినవి. వినోదం కోసం మృగాన్ని చంపడం తగునా కాదా అనే ప్రశ్న పెద్దది. దానిని ఈ వ్యాసంలో ఎత్తుకోవడం లేదు. నేను పరిశీలించదలచినది పంపకపు పద్ధతిని మాత్రమే. కోరేవారు వందమంది, వస్తువులు పది, వస్తువును ముక్కలు చేయడానికి వీలులేదు. ఇట్టి చోట న్యాయమంటే ఏమిటి? ఈ ప్రశ్నకు అమెరికావారు ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క జవాబు చెప్పి, దానిని దశాబ్దాల తరబడి అమలుపరచి చూశారు. గణితం బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ప్రయోగశాల దొరకడం కష్టం. ఆ జవాబులలో చూడడానికి మిక్కిలి న్యాయంగా కనిపించేదే, నా అభిప్రాయంలో, మిక్కిలి లోపభూయిష్ఠమైనది.

ముందు ట్యాగుల సంఖ్యకు పరిమితి ఎందుకు వచ్చిందో చూద్దాం. 19వ శతాబ్దంలో మాంసం కోసం, తోళ్ల కోసం వర్తకులు సాగించిన విచ్చలవిడి వేటవలన అమెరికాలో పెద్ద మృగాలు చాలావరకు నశించినవి. బైసన్ అనే అడవి ఎద్దు దాదాపు అంతరించినది. తరువాత రాష్ట్రాలు వేటను అదుపులో పెట్టినవి. 1937లో వచ్చిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాలపై వసూలయ్యే సుంకాన్ని వన్యమృగ పోషణకై రాష్ట్రాలకు పంచిపెట్టడం ఆరంభమైనది. నేడు శాఖలవారు విమానాలలోనుంచి మందలను లెక్కించి, మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, పిల్లలు ఎన్ని అనే నిష్పత్తులు గమనించి, ఏ ప్రాంతంలో ఎన్ని మృగాలను తీసివేసినా మంద నిలువగలదో అంచనా వేస్తారు. ఇంతవరకు ఇది జీవశాస్త్రం.

అయితే ట్యాగుల కరవు అంతా ప్రకృతి కల్పించినది కాదు. కొన్ని ప్రాంతాలలో మగ ఎల్క్‌లు బాగా వయసు వచ్చి, కొమ్ములు పెద్దవిగా పెరగవలెనని శాఖలవారు ట్యాగులను బుద్ధిపూర్వకంగా తగ్గిస్తారు. మంద నిలవడానికి అంత తగ్గింపు అక్కరలేదు. పెద్ద కొమ్ములకై వేటగాండ్రు పడే మోజే అందుకు కారణం. ఒకే రాష్ట్రంలో ఒక ప్రాంతంలో ట్యాగు సులభంగా దొరుకుతుంది. మరొక ప్రాంతంలో ఇరవై ఏండ్లు కాచుకోవలసి వస్తుంది. పంపకపు చిక్కంతా ఈ రెండవ రకపు ప్రాంతాలలోనే వస్తున్నది.

పంపకానికి సులభమైన మార్గం చీటీలు వేయడం. పది ట్యాగులు, వందమంది కోరేవారు, పేర్లన్నీ ఒక కుండలో వేసి పది తీయడం. ప్రతివానికీ సంభావ్యత పదింట ఒకటి. ఇందులో మోసం లేదు, సిఫారసు లేదు, తరతమ భేదం లేదు. కాని విద్యార్థులు ఒక లెక్క చేసి చూడవలెను. ఒక ఏడు పేరు రాకపోయే సంభావ్యత 0.9. వరుసగా పది సంవత్సరాలు రాకపోయే సంభావ్యత 0.9ను పది పర్యాయాలు హెచ్చించగా వచ్చేది, అనగా సుమారు 0.35. ఇరవై సంవత్సరాలకు అది 0.12, ముప్పై సంవత్సరాలకు 0.04. ఏటా క్రమం తప్పక దరఖాస్తు పెట్టిన వందమందిలో ముప్పై ఐదుగురు పదేండ్ల తరువాత కూడా రిక్తహస్తాలతోనే ఉంటారు. నలుగురు ముప్పై ఏండ్ల తరువాత కూడా. అదే సమయంలో నిన్నగాక మొన్న మొదటిసారి దరఖాస్తు పెట్టిన కుర్రవాడు ట్యాగు పట్టుకొని పోతాడు. ముప్పై ఏండ్లు ఎదురుచూసినవానికి కడుపు మండదా? కుండకు జ్ఞాపకశక్తి లేదు. ఎవరు ఎన్నిసార్లు ఓడిపోయారో దానికి పట్టదు.

ఆ కడుపుమంట నుంచి పుట్టినదే పాయింట్ల పద్ధతి. దరఖాస్తు పెట్టి ట్యాగు దొరకనివానికి ఆ ఏటికి ఒక ప్రాధాన్య పాయింటు ఇస్తారు. మరుసటి సంవత్సరం ఎక్కువ పాయింట్లు ఉన్నవారికి ముందుగా ట్యాగులిచ్చి, మిగిలితే తక్కువవారికి ఇస్తారు. ట్యాగు దొరికినవాని పాయింట్లు సున్నకు వస్తవి. కొలరాడోలో ఎల్క్, జింకల ట్యాగులు చాలాకాలంగా ఈ పద్ధతిమీదనే పంచుతున్నారు. చూడండి, ఎంత సబబుగా ఉన్నదో! ముందు వచ్చినవానికి ముందు. ఓపిక పట్టినవానికి ఫలం. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వంతు వస్తుంది.

ఇది మన ఊళ్లలో వేసుకొనే చీటీ పాటను జ్ఞప్తికి తెస్తుంది. ఇరవైమంది సభ్యులు, ఇరవై నెలలు. నెలకు ఒకరు చీటీ ఎత్తుకుంటారు. ఇరవయ్యో నెలకు అందరికీ ముట్టుతుంది. కాని మన చీటీలో ఒక నియమం ఉన్నదని మరువరాదు. మొదలుపెట్టిన తరువాత క్రొత్త సభ్యుని చేర్చుకోరు. నెలకు ఒకరు చీటీ ఎత్తుకొని పోతుంటే, నెలకు ముగ్గురు క్రొత్తవారు వచ్చి చేరుతుంటే, ఆ చీటీ నడిపేవానిని ఊరివారు బ్రతకనిస్తారా? కొలరాడోలో జరుగుతున్నది ఇంచుమించు అదే.

ఈ విషయాన్ని తరగతిలో చింతగింజలతో చేసి చూపవచ్చును. ఏడాదికి పది ట్యాగులు ఉన్నవనుకుందాం. ఏటా ముప్పైమంది క్రొత్త వేటగాండ్రు వచ్చి చేరుతారు. ట్యాగు దొరికినవాడు తప్పుకుంటాడు. దొరకనివాడు వరుసలో నిలబడతాడు. మొదటి ఏటికి ముప్పై గింజలమీద సుద్దతో ‘1’ అని వ్రాయండి. పది తీసివేయండి. ఇరవై మిగులుతవి. రెండవ ఏటికి ‘2’ అని వ్రాసిన ముప్పై గింజలు కలపండి. నియమం ప్రకారం పాతవాటికే ప్రాధాన్యం కాబట్టి ‘1’ గింజలలోనుంచే పది తీయవలెను. మూడవ ఏట మిగిలిన పది ‘1’ గింజలూ పోతవి. నాలుగవ ఏట గాని ‘2’ గింజల వంతు రాదు. ఆ ముప్పై గింజలూ నాలుగు, అయిదు, ఆరు సంవత్సరాలలో తీరుతవి. మూడవ ఏట చేరినవారు ఏడు, ఎనిమిది, తొమ్మిది సంవత్సరాలలో. ఇట్లా సాగించి చూడండి.

ఫలితం ఏమిటి? మొదటి ఏట చేరినవాడు మహా అయితే రెండేండ్లు కాచుకొన్నాడు. పదవ ఏట చేరినవాడు 28, 29, 30 సంవత్సరాలలో ఎప్పుడో ట్యాగు చూస్తాడు. పద్దెనిమిది నుంచి ఇరవై ఏండ్ల నిరీక్షణ. ఇరవయ్యో ఏట చేరిన పిల్లవానికి 58 మొదలు 60వ సంవత్సరం లోపల వంతు వస్తుంది. వాడు చేరేనాటికి వయస్సు పద్నాలుగు అయితే, అడవిలో అడుగుపెట్టే నాటికి యాభై రెండు దాటుతుంది. చేరడంలో ఒక్క సంవత్సరం ఆలస్యమైతే నిరీక్షణ రెండు సంవత్సరాలు పెరుగుతున్నది. తండ్రికీ కొడుకుకూ ఒకే నియమం, ఒకే దరఖాస్తు, ఒకే రుసుము. కాని తండ్రికి దొరికినది రెండేండ్ల వరుస, కొడుకుకు దొరికినది నలభై ఏండ్ల వరుస. ట్యాగుకు కావలసిన పాయింట్ల సంఖ్య ఏటేటా ఇట్లా మీదికి ప్రాకిపోవడాన్ని అమెరికా వేటగాండ్రు ‘పాయింట్ల పాకుడు’ అని వ్యవహరిస్తారు. తరుముకుంటూ వెళ్లే పిల్లవానికి గమ్యం తనకంటె కొంచెమే నెమ్మదిగా వెనుకకు జరుగుతూ ఉంటుంది.

నిజజీవితంలో సంఖ్యలు ఇంత చక్కగా ఉండవని ఒప్పుకోవలెను. కొందరు విసుగుచెంది మానుకుంటారు, కొందరు ముసలివారవుతారు, కొందరు మరణిస్తారు, కొందరు తక్కువ పాయింట్లు చాలే మరొక ప్రాంతంలో తమ పాయింట్లు ఖర్చుపెట్టుకుంటారు. కనుక వరుస అనంతంగా పెరగదు. కాని ఇక్కడ గమనించవలసినది ఇదే: ట్యాగులకంటె క్రొత్తవారు ఎక్కువగా చేరుతున్నంతకాలం, వరుస పెరగకుండా ఆపగలిగినది మనుష్యులు ఆశ వదులుకొని తప్పుకోవడం ఒక్కటే. అందరికీ వంతు వస్తుందని చెప్పి మొదలుపెట్టిన పద్ధతి, కొందరు వంతు రాకుండానే వెళ్లిపోతేగాని నిలదొక్కుకోలేదు. వాయవ్య కొలరాడోలో 2, 10, 201 అంకెలు గల వేటప్రాంతాలు పెద్ద కొమ్ముల ఎల్క్‌లకు పేరుపొందినవి. అక్కడ మగ ఎల్క్ ట్యాగుకు ఇరవైకి పైగా పాయింట్లు కావలసి వస్తున్నది. ఇప్పుడు పాయింట్లు కూడబెట్టడం మొదలుపెట్టే బాలునికి ఆ అంకె ఎంతవరకు ప్రాకుతుందో ఎవరు చెప్పగలరు?

మన చింతగింజల లెక్కలో మరొక విశేషం ఉన్నది. ఇరవయ్యో ఏట వరుసలో ఎంతమంది ఉంటారు? చేరినవారు 600, అంతకుముందు పందొమ్మిదేండ్లలో ట్యాగులు పొందినవారు 190, మిగిలినవారు 410. ఆ 410మందికీ పాయింట్లతో నిమిత్తం లేకుండా చీటీలు వేస్తే ఒక్కొక్కరి సంభావ్యత నూటికి రెండున్నర కంటె కొంచెం తక్కువ. పాయింట్ల పద్ధతిలోనో, ఏడవ ఏట చేరి మిగిలియున్న ఇరవైమందికి రెండింట ఒకటి; తక్కిన 390మందికి సున్న. రెండు పద్ధతులలోనూ ఆ ఏడు నిరాశతో ఇంటికి వెళ్లేవారి సంఖ్య నాలుగువందలే. అందరి సంభావ్యతలనూ కూడితే ఎల్లప్పుడూ ట్యాగుల సంఖ్యే వస్తుంది. పాయింట్లు ఎన్ని అచ్చువేసినా ఆ మొత్తం పదికి మించదు. పద్ధతి చేయగలిగినదల్లా ఒకరి అవకాశాన్ని తీసి మరొకరికి ఇవ్వడమే. ఎవరినుంచి తీస్తున్నదో ప్రభుత్వం చెప్పవలెను కదా? ప్రాధాన్య పాయింట్లు తీస్తున్నది చిన్నవారినుంచి, క్రొత్తగా వచ్చినవారినుంచి. వరుస మొదలైననాటికి పుట్టనైనా పుట్టనివారి అభిప్రాయం ఎవరూ అడుగలేదు.

నెవాడావారు మరొక యుక్తి పన్నారు. అక్కడ పాయింట్లు వరుసలో స్థానాన్ని ఇవ్వవు. కుండలో చీటీల సంఖ్యను పెంచుతవి. పాయింట్ల వర్గానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఎంతో అన్ని చీటీలు. క్రొత్తవానికి ఒక్క చీటీ. అయిదు పాయింట్లవానికి 26. పది పాయింట్లవానికి 101. ఇరవై పాయింట్లవానికి 401. వీటిని బోనసు పాయింట్లు అంటారు. మోంటానాలో కూడ బోనసు పాయింట్లకు వర్గం చేసే ఆచారమున్నది. యంత్రంలో నిజంగా చీటీలు వేయరు. ఒక్కొక్క చీటీకి ఒక యాదృచ్ఛిక సంఖ్య కల్పించి, ఒక్కొక్క మనిషికి వచ్చిన సంఖ్యలలో అతి చిన్నదానిని ఉంచుకొని, చిన్నసంఖ్యల వారికి ముందుగా ట్యాగులిస్తారు. కుండలోనుంచి చీటీ తీయడమూ ఇదీ ఒకటేనని పై తరగతుల విద్యార్థులు నిరూపించవచ్చును, మంచి అభ్యాసం.

101 చీటీలు అనగానే వేటగాని ఛాతీ పొంగుతుంది. కాని వందమంది దరఖాస్తుదారులకూ పదేసి పాయింట్లు ఉన్నవనుకోండి. కుండలో 10,100 చీటీలుంటవి. ఒక్కొక్కరి సంభావ్యత? మళ్లీ పదింట ఒకటే. పదేండ్లు రుసుములు కట్టి అందరూ బయలుదేరిన చోటికే వచ్చినారు. ఇంతకూ మారినదెవరి స్థితి అంటే, అప్పుడే వచ్చిన నూటొకటవవానిది: వాని ఒక్క చీటీ 10,100 చీటీల మధ్య పడినది. అయినా ఈ పద్ధతిని నేను మొదటిదానితో సమానంగా నిందించను. వర్గం చేసినా క్రొత్తవానికి సంభావ్యత సున్న కాలేదు. ముసలివానికి మేలు, పిల్లవానికి ఆశ. రెండూ కొంచెం కొంచెంగా ఉన్నవి.

తక్కిన రాష్ట్రాలు ఈ రెంటినీ పాళ్లు మార్చి కలిపినవి. యూటాలో పరిమిత ప్రాంతాల ట్యాగులలో సగం ఎక్కువ పాయింట్లవారికి, సగం చీటీలకు. ఆరిజోనాలో నూటికి ఇరవై గరిష్ఠ పాయింట్లవారికి. వయోమింగులో ఎల్క్, జింకలకు స్వరాష్ట్రవాసులకు పాయింట్లే లేవు. ఇతర రాష్ట్రాలవారికి మాత్రం నూటికి 75 వరుసగా, 25 చీటీలుగా. కొలరాడో కూడ బాగా గిరాకీగల ప్రాంతాలలో నూటికి ఇరవై వరకు చీటీలు వేసింది. కాని అందులో పేరు చేరడానికే అయిదు పాయింట్లు ఉండవలెను! ఆశ కోసం కూడ వరుసలో నిలబడమన్నమాట. బృందంగా దరఖాస్తు పెట్టినప్పుడు కొలరాడోలో అందరికంటె తక్కువ పాయింట్లవాని లెక్కే బృందానికి వర్తిస్తుంది. వయోమింగులో సగటు తీస్తారు. సగటు తీసేచోట ఇరవై పాయింట్లున్న తాతగారు చాలా ప్రియమైన మనిషి అవుతారని వేరుగా చెప్పనక్కరలేదు.

స్వరాష్ట్రవాసులు, పరరాష్ట్రవాసులు అన్న మాటలు వచ్చినవి గనుక ఆ భేదం గురించి కొంత చెప్పవలెను. పశ్చిమ రాష్ట్రాలలో అడవులు, మైదానాలు విస్తారంగా కేంద్ర ప్రభుత్వానివి, అనగా దేశప్రజలందరివీ. వాటిమీద తిరిగే మృగాల పాలన మాత్రం రాష్ట్రాలది. నేల అందరిదీ అయినప్పుడు మృగాన్ని రాష్ట్రంవారే ముందు కోరడం ఏమి న్యాయమని పైవారు ప్రశ్నించినారు. మోంటానాలో స్వరాష్ట్రవాసికి తొమ్మిది డాలర్లకు దొరికే ఎల్క్ లైసెన్సుకు పరరాష్ట్రవాసి 225 డాలర్ల లైసెన్సు కొనవలసివచ్చిన వివాదంలో, 1978లో అమెరికా సుప్రీం కోర్టు రాష్ట్రానికి అనుకూలంగా తీర్పుచెప్పినది; వినోదపు వేట పౌరుని మౌలికమైన హక్కులలోనిది కాదన్నది. ఆరిజోనా పైవారికి నూటికి పది ట్యాగులకు మించి ఇవ్వకపోవడంపై 2002లో ఒక అప్పీలు కోర్టు అభ్యంతరం చెప్పగా, 2005లో కాంగ్రెస్ చట్టంచేసి రాష్ట్రాల అధికారాన్ని మళ్లీ స్థిరపరచినది. న్యూ మెక్సికోలో చట్టమే వాటాలు నిర్ణయించినది: చీటీలలో నూటికి 84 స్వరాష్ట్రవాసులకు, 10 వేటగైడులను కుదుర్చుకొన్నవారికి, 6 తక్కినవారికి. ఈ వాటాలు చదివి ఇదే మొత్తం పంపకమనుకొనరాదు. ఎల్క్‌లు మేసే ప్రైవేటు భూముల యజమానులకు ఆ రాష్ట్రంలో వేరొక ఏర్పాటు క్రింద అనుమతులు లభిస్తవి. వారు వాటిని అమ్ముకోవచ్చును. చీటీల కుండకు బయట ధనవంతునికి ఒక పెరటి ద్వారం ఉన్నదన్నమాట.

వేలం ఇంకా బాహాటం. పెద్దకొమ్ముల కొండగొర్రె వంటి అరుదైన మృగాలకు చాలా రాష్ట్రాలు ఏటా ఒకటో రెండో ట్యాగులను వేలం వేస్తవి. 2013లో మోంటానా కొండగొర్రె ట్యాగు ఒకటి 4,80,000 డాలర్లకు పోయినది. ఆ సొమ్ములో అధికభాగం ఆ మృగపు సంరక్షణకే వెచ్చిస్తారు. వేలంపాట చూసి ముఖం చిట్లించేవారు ఉన్నారు; మొదట నేనూ చిట్లించినవాడినే. ఆలోచించగా, వేలం తనను తాను దాచుకోదు. డబ్బున్నవాడు కొంటున్నాడని అందరికీ కనపడుతుంది, ట్యాగు ఒకటి అని తెలుస్తుంది, సొమ్ము ఎక్కడికి పోతున్నదో తెలుస్తుంది. పాయింట్ల పద్ధతిలో ఈ మూడూ మరుగుపడుతవి.

సొమ్ము మాట వచ్చినది గనుక దీనిని కూడ దాటవేయరాదు. వన్యమృగ శాఖలు ముఖ్యంగా లైసెన్సుల రుసుములమీద, ఇందాక చెప్పిన సుంకపు వాటామీద బ్రతుకుతవి. దరఖాస్తుకు రుసుము ఉన్నది; పాయింటుకు రుసుము ఉన్నది. ఈ ఏడు వేటకు పోదలచనివాడు కూడ పాయింటు మాత్రం కొని దాచుకోవచ్చును. ఇంటిలో కూర్చున్నవాడు రుసుము కట్టి వరుసలో ముందుకు జరుగుతున్నాడు. వరుస ఎంత పొడుగైతే శాఖకు అంత రాబడి. దురుద్దేశం ఎవరికీ లేకపోవచ్చును. కాని వరుసను తగ్గించవలసినవారికే వరుసవలన లాభం కలిగే ఏర్పాటు మంచిది కాదు. కొలరాడోలో 2018 వరకు దరఖాస్తుతోపాటు లైసెన్సు పూర్తి సొమ్ము ముందుగా కట్టి, ట్యాగు రాకపోతే వాపసు తీసుకోవలసి ఉండేది. ఆ ఏడు ఆ నియమం ఎత్తివేసి, చిన్న రుసుము చాలునన్నారు. దరఖాస్తులు ఒక్కసారిగా పెరిగినవి. మూస్, కొండగొర్రె వంటి మృగాలకు మరీ ఎక్కువగా పెరిగినవి. ట్యాగులు పెరగలేదు. మన చింతగింజల లెక్కలో ఏటా చేరేవారు ముప్పై నుంచి యాభైకి మారినట్లు.

దీనికి భిన్నమైన మార్గం ఐడహో రాష్ట్రానిది. అక్కడ పాయింట్లు లేవు. పేరు కుండలో పడితే చాలు, పన్నెండేండ్లవానికీ డెబ్బై ఏండ్లవానికీ సమానం. అయితే కుండలో పేరు వేయడానికి కొన్ని కట్టుబాట్లున్నవి. మూస్, కొండగొర్రె, కొండమేక – ఈ మూడింటిలో ఒకదానిని కోరేవాడు ఆ ఏడు ఎల్క్, జింక, ప్రాంగ్‌హార్న్‌ల పరిమిత వేటలకు సాధారణంగా దరఖాస్తు పెట్టరాదు. లైసెన్సు సొమ్ము ముందుగానే కట్టవలెను. అటువంటి మృగాన్ని ఒకసారి సాధించినవానికి సాధారణంగా మళ్లీ అవకాశం ఉండదు. అనగా, అన్నిటికీ చేయి చాచడం కుదరదు. ఏది నిజంగా కావలెనో తేల్చుకోవలెను. పాయింట్లు వరుసలో నిలబడినవారికి బహుమానం ఇస్తవి. ఐడహో కట్టుబాట్లు కుండలోని చీటీల సంఖ్యనే తగ్గిస్తవి. ట్యాగులను పెంచలేనప్పుడు నిరాశపడేవారి సంఖ్యను తగ్గించడానికి ఉన్న దారి అదొక్కటే. సొమ్ము ముందుగా కట్టమనడం పేదవానికి కొంత ఇబ్బందే. ఆ మేరకు నాకు ఈ పద్ధతిమీద అసంతృప్తి ఉన్నది. ముప్పై ఏండ్లు పేరు రాని ఆ నలుగురి కడుపుమంట కూడ ఐడహోలో అట్లాగే ఉంటుంది. దానికి మందు లేదు. కాని ఆ నలుగురు ఎవరో ముందుగా నిర్ణయమై ఉండదు. ఏ ఏట పుట్టినారనేదానినిబట్టి అసలే ఉండదు.

అయితే కొలరాడో రేపే పాయింట్లు రద్దుచేసి ఐడహో దారి పట్టవచ్చును గదా అని విద్యార్థులు అడుగుతారు. అడుగవలసిన ప్రశ్నే. ఇరవై ఏండ్లుగా రుసుములు కట్టి పాయింట్లు కూడబెట్టినవాడు ఏమంటాడు? నీవు మాట ఇచ్చినావు, నేను నమ్మినాను అంటాడు. అతనిది అత్యాశ కాదు. ప్రతి పాయింటూ ప్రభుత్వం వ్రాసి ఇచ్చిన ప్రామిసరీ నోటు వంటిది. నోట్ల మొత్తం ఖజానాలోని ట్యాగులను ఎప్పుడో మించిపోయినది. ఆ బాకీ ఎంతో చింతగింజలే చెబుతవి. ఇరవయ్యో ఏటి చివర వరుసలో 400 గింజలు మిగులుతవి. ఆనాటినుంచి క్రొత్తవారికి పాయింట్లు ఇవ్వడం పూర్తిగా ఆపివేసి, ఏటా పది ట్యాగులూ పాతవారికే ఇచ్చినా, బాకీ తీరడానికి 40 సంవత్సరాలు. అంతకాలమూ క్రొత్తవారికి ఒక్కటీ దక్కదు. సగం ట్యాగులు క్రొత్తవారికి చీటీలుగా ఇచ్చి, సగంతో బాకీ తీరుస్తూ పోతే 80 సంవత్సరాలు. ఏటా నూటికి అయిదుగురు పాతవారు ఆశ వదలి తప్పుకుంటారనుకుంటే ఎన్నేండ్లు పడుతుందో తరగతిలోని విద్యార్థులు గింజలు తీసి లెక్కించవచ్చును.